భాగ్యనగరపు పరిశ్రమల వాడలలో

యాత్ర అన్నంతనే మన యిండ్లలో తిరుపతియో, శ్రీశైలమో, భద్రాచలమో స్మరణకు వచ్చును. హైదరాబాదు పోవుట అనిన, చార్మినారును, సాలారుజంగు ప్రదర్శనశాలను, గోలకొండ కోటను చూచి, లాడ్ బజారులో గాజులు కొనుక్కొని తిరిగి వచ్చుట అని అర్థము. ఇవి యన్నియు చూడదగినవే, కాదనువారెవరు? కాని ఆ మహానగరమున మన స్త్రీలు సామాన్యముగా అడుగిడని వాడలు కొన్ని కలవు. అచ్చట గోపురములు లేవు, ఉద్యానములు లేవు. ఇరుకు సందులు, రేకుల కప్పులు, నూనె మరకల నేల, ఇనుము కోయు చప్పుడు, ఇవియే అచ్చటి దృశ్యములు. మన తలుపు గడియ మొదలు విమానపు భాగముల వఱకు ఎన్నో చిన్న వస్తువులు అట్టి చోటులనే రూపు దాల్చుచున్నవి. మేము మువ్వురము శీతకాలమున రెండు దినములు ఆ వాడలలోనే తిరిగితిమి. చూచినదానిని సోదరీమణులకు విన్నవించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఇట్టి యాత్రకు మమ్ము పురికొల్పినది ఒక ప్రశ్న. నేడు మన బాలికలు అనేకులు పాలిటెక్నిక్కులలోను, ఐటీఐలలోను చదువుచున్నారు. ఒకతె విద్యుత్తు తీగల పటము గీయగలదు. ఒకతె లేత్ యంత్రముపై ఇనుపకడ్డీని వెండ్రుకవాసి తేడా లేక చెక్కగలదు. ఒకతె నూఱు జాకెట్టులకు సరిపడు గుడ్డను పీలిక యైన వ్యర్థము కాకుండ కత్తిరింపగలదు. చదువు ముగిసిన పిమ్మట ఆ పట్టా చాలమంది యిండ్లలో పెట్టె అడుగున చేరుచున్నది. సాహసించి చిన్న పరిశ్రమ పెట్టినవారిలోను కొందఱు రెండు మూడేండ్లకే తలుపులు మూయుచున్నారు. కారణమేమని అడిగిన, "పని రాక కాదు, పనివాండ్రతో పడలేక" అను సమాధానము మాకు పలుమాఱు వినవచ్చినది. యంత్రమును నడుపు విద్య బడిలో నేర్పుదురు. పదిమందిని నడుపు విద్య ఎచ్చట నేర్పుదురు? అది నేర్చుకొనదగిన విద్యయేనా, లేక పుట్టుకతో రావలసినదేనా?

మొదట నాంపల్లి చేరితిమి. అచ్చటి ఎగ్జిబిషను మైదానము ఎఱుగని హైదరాబాదు గృహిణి ఉండదు. ఏటేట జనవరిలో మొదలగు నుమాయిష్ జరుగు తావు అదియే. ఈ నుమాయిష్ 1938లో ఉస్మానియా పట్టభద్రుల సంఘమువారి యత్నమున, పబ్లిక్ గార్డెన్సులో కొలదిపాటి దుకాణములతో ఆరంభమైనది. సంస్థానపు ఆర్థికస్థితిని పరిశీలించుటకు వలయు ధనము కూర్చుట, స్వదేశపు వస్తువులను ప్రజలకు చూపుట వారి సంకల్పము. 1946లో అది నాంపల్లికి మాఱినది. మనము కొను ప్రవేశపు టిక్కెట్టుల వలనను, దుకాణముల అద్దెల వలనను వచ్చు ఆదాయము ఎగ్జిబిషన్ సొసైటీ నడుపు విద్యాసంస్థలకు తోడ్పడుచున్నదని ఎఱిగినవారు తక్కువ. ఆ సంస్థలలో ఒకటి ఆ యావరణమునందే యున్న కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్. మనము గాజులకును, దుప్పటులకును పోయిన చోటనే మన బాలికలు వృత్తివిద్యలు నేర్చుకొనుచుండుట మాకు ముచ్చట గొలిపినది.

ద్వారము వద్ద ఒక విద్యార్థిని కనబడగా, "చదువైన తరువాత ఏమి చేయుదువమ్మా?" అని అడిగితిమి. "ఉద్యోగము చూచుకొందునండీ. సొంతముగా ఏదైన పెట్టవలెనని యున్నది గాని, నాకంటె పెద్దవారు నా మాట విందురా అని భయము" అని ఆ బాలిక బదులు చెప్పెను. పెట్టుబడిని గుఱించి ఆమె యొక్క మాట యైనను అనలేదు. దేశమున ఐటీఐల ద్వారా చేతిపనులు నేర్పు పథకము 1950లో ఆరంభమైనది. కార్ఖానాలలో అభ్యాసకులకు తావు కల్పింపవలెనను అప్రెంటిసు చట్టము 1961లో వచ్చినది. ఇన్నేండ్లలో చేతికి విద్య వచ్చినది. మాట చెల్లుట మాత్రము ఇంకను సందేహముగనే యున్నది.

మాట చెల్లుటకు ప్రాచీనమైన మార్గమొకటి కలదు. దానిని చూచుటకు లాడ్ బజారు వెనుక సందులలోనికి పోయితిమి. అచ్చట లక్కగాజులు చేయుదురు. లక్కను బొగ్గులపై వేడిచేసి, మెత్తబడగానే రంగు కలిపి, సన్నని కడ్డీగా సాగదీసి, గుండ్రముగా వంచి, వేడి చల్లారక మునుపే అద్దపు ముక్కలను, రాళ్లను పొదుగుదురు. ఈ లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇచ్చట నాయకుడు ఉస్తాదు, నేర్చుకొనువాడు షాగిర్దు. ఉస్తాదు ఉపన్యసింపడు. షాగిర్దు ఏండ్ల తరబడి ప్రక్కన కూర్చుండి చూచును, తిట్లు తినును, నేర్చును. లక్క చల్లారుటకు క్షణములే వ్యవధి గావున అచ్చట చర్చకు తావు లేదు. ఉస్తాదు మాటయే శాసనము. ఈ పద్ధతిలో పని చెడదు. కాని ఉస్తాదు లేనినాడు దుకాణము మూగవోవును. అతని చేతిలోని మర్మము అతనితోనే పోయినను పోవచ్చును.

మఱునాటి యుదయము నాంపల్లిలో మెట్రో రైలెక్కి, అమీరుపేట, ఎఱ్ఱగడ్డ, మూసాపేట దాటి బాలానగరు స్టేషనులో దిగితిమి. రైలులో స్త్రీలకు ప్రత్యేకముగా తావు ఉన్నది గావున ప్రయాణము సుఖముగా జరిగినది. అచ్చటి నుండి ఆటోలో యంత్రశాలల వీథులకు పోయితిమి.

ఈ ప్రాంతపు చరిత్ర తెలిసిననే గాని ఈ చిన్న శాలల పుట్టుక తెలియదు. 1942లో స్థాపితమైన హైదరాబాదు ఆల్విన్ సంస్థ సనత్‌నగరున బీరువాలను, శీతలపేటికలను, బస్సుల మేనులను చేసెడిది. పిమ్మట 1960వ దశకమున బాలానగరున ఐడీపీఎల్ వారి మందుల కార్ఖానాయు, హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారి శాఖయు, సమీపముననే హెచ్ఎంటీ వారి కార్ఖానాయు వెలసినవి. పెద్ద కార్ఖానాలకు చిన్న చిన్న భాగములు వేలకొలది కావలెను. వానిని చేసి యిచ్చుటకు చుట్టుప్రక్కల రేకుల శాలలు పుట్టినవి. పెద్ద కార్ఖానాలో పని నేర్చినవారే బయటకు వచ్చి ఒక పాత లేత్ కొని సొంతముగా కూర్చుండిరి. 1968లో ఐక్యరాజ్యసమితి, అంతర్జాతీయ కార్మిక సంస్థల సాయముతో కేంద్ర ప్రభుత్వమువారు పనిముట్ల రూపకల్పన నేర్పు సంస్థను బాలానగరుననే నెలకొల్పిరి. దానిని నేడు సీఐటీడీ అని పిలుచుచున్నారు. ఆల్విన్ నేడు లేదు; ఐడీపీఎల్ మూతపడినది. ఆ మహావృక్షములు కూలినను వాని నీడన మొలిచిన మొక్కలు అనేకములు నేటికిని బ్రతికియే యున్నవి.

మేము చూచిన మొదటి శాలకు యజమాని డిప్లొమా చదివిన యువకుడు, పనిలో గట్టివాడు. అతని క్రింద ఏడుగురు పనివాండ్రు. ప్రతి కొలతయు తానే చూచును. ప్రతి నిర్ణయమును తానే చెప్పును. మేము ఉన్నంతసేపును, "అన్నా, దీనికేమి చేయమందువు?" అని ఒకరి వెనుక ఒకరు వచ్చుచునే యుండిరి. ఫోను వచ్చి అతడు వీథిలోనికి పోవుటతోనే రెండు యంత్రములు ఆగినవి. పావుగంటకు తిరిగివచ్చి కేకలు వేసిన పిమ్మట గాని అవి మరల తిరుగలేదు. "వీరికి బుద్ధి లేదండీ, అన్నియు నేనే చూచుకొనవలె" అని ఆయన వాపోయెను. ఆ పనివారికి బుద్ధితో పని లేకుండ చేసినదెవరో ఆయనకు తోచినట్లు లేదు.

రెండవ శాల యజమాని బహుసౌమ్యుడు. ఎవరిని ఒక్క మాట యనడు. అంతయు మేస్త్రీకి అప్పగించి తాను పత్రిక చదువుకొనుచుండెను. మూలను తిరస్కరింపబడి వెనుకకు వచ్చిన సరకు కుప్పగా పడియుండెను. ఇది ఎవరి చేతిలో చెడినది అని అడుగగా ఒకరు మఱొకరిని చూపిరి. ఆ శాలలో కోపము లేదు, భయము లేదు; పనికి దిక్కును లేదు.

మూడవ శాలకు యజమానురాలు ముప్పదియేండ్ల యువతి. మెకానికల్ డిప్లొమా చదివినది. తండ్రి గతించిన పిమ్మట అప్పుతో కూడిన ఆ శాల ఆమె చేతికి వచ్చినది. పని యంతయు పవర్ ప్రెస్సులపైననే. తండ్రి నాటి ఉస్తాదు అఱువదియేండ్లవాడు. చిన్ననాడు ఆమెను భుజముపై ఎక్కించుకొని తిప్పినవాడు. అతనికి ఆజ్ఞ యిచ్చుట యెట్లు? మొదటి నెలలో ఆమె చెప్పినదానికెల్ల "సరే అమ్మా" అని, అతడు తన తోచినట్లే చేయుచు వచ్చెను. అప్పటికే రెండు పర్యాయములు సరకు తిరిగివచ్చినది. మూడవసారియు వచ్చినచో అప్పు తీరు ఆశ లేదు.

ఆమె ఎవరిని నిందింపలేదు. ప్రతి ప్రెస్సు ప్రక్కను ఒక మైక్రోమీటరును, ఒక నోటుపుస్తకమును ఉంచినది. గంట కొకసారి నడుపువాడే ఒక వస్తువును కొలిచి అంకె వ్రాయవలెను. సాయంకాలము ఉస్తాదు ఆ పుస్తకములు చూచి ఆమెకు చెప్పవలెను. మూడు వారములకు ఉస్తాదే వచ్చి, "అమ్మా, పొద్దున చేసినవి సరిగానే యున్నవి. మధ్యాహ్నమునకు డై అంచు అరిగి తేడా వచ్చుచున్నది. నడుమ ఒకసారి సాన పట్టవలె" అని చెప్పెను. ఆ సంగతి ఆమెకు అంతకు ముందే అనుమానముగా నుండెనట. అయినను "మీరు కనుగొన్నది మీరే అందఱకు చెప్పుడు" అని అతని చేతనే పనివారికి చెప్పించినది. నాటి నుండి ఆ నోటుపుస్తకము ఉస్తాదు సొత్తైనది. క్రొత్తగా చేరిన పిల్లవానికి అతడే దానిని వ్రాయు విధము నేర్పుచుండగా మేము కన్నులార చూచితిమి.

ఆమె యెల్లప్పుడును ఇట్లు మెత్తగనే ఉండునని తలపరాదు. పవర్ ప్రెస్సు ఇనుపరేకును ఒక్క పోటుతో కోయును. రేకు అమర్చిన చేయి తీయక మునుపే పోటు పడినచో వ్రేళ్లు పోవును. అందుచేత రెండు చేతులతో రెండు మీటలను ఒక్కసారి నొక్కిననే అది కదలునట్లు అమర్తురు. తొందరలో కొందఱు ఒక మీటను గుడ్డతో కట్టివేసి ఒంటిచేతితో నడుపుట కద్దు. మేము ఉండగనే అట్లు జరిగినది. సరకు కొఱకు బండి వాకిట నిలిచియున్నది. ఆమె ఆ కట్టిన మీటను చూచిన మరుక్షణమే మెయిన్ స్విచ్చి తీసివేసినది. బండితో వచ్చినవాడు గొణిగినను, ఉస్తాదు "ఇంక ఏబది ముక్కలే గదమ్మా" అన్నను, ఆమె వినలేదు. ఎవరిని సలహా అడుగలేదు.

తరువాత టీ త్రాగువేళ ఆ పిల్లవానిని దగ్గఱ కూర్చుండబెట్టుకొని, "ఎందుకు కట్టితివి?" అని శాంతముగా అడిగినది. మీటలు ఎత్తున ఉన్నవనియు, జాము గడచునప్పటికి భుజములు లాగుచున్నవనియు, ముక్కల లెక్కన కూలి గావున ఆగిన నష్టమనియు వాడు చెప్పెను. మీటలను జానెడు దిగువకు దింపింప నిశ్చయించిరి. కూలి లెక్కను మార్చుటను గుఱించి ఆ వారముననే అందఱతో కూర్చుండి మాటలాడుదునని ఆమె చెప్పినది. నాటి సరకు రెండు గంటలు ఆలస్యముగా పోయినది. ఆ పిల్లవాని వ్రేళ్లు పదియు నిలిచినవి.

ఈ మూడు తీరులకును శాస్త్రజ్ఞులు పేరులు పెట్టియున్నారు. 1939లో కుర్ట్ లెవిన్ అను మనశ్శాస్త్రవేత్తయు, ఆయన సహచరులు లిపిట్, వైట్ అనువారును అమెరికాలో పదేండ్ల బాలుర చిన్న సంఘములపై జరిపిన పరిశోధనను ప్రకటించిరి. బాలురకు ముఖములకు తగిలించు బొమ్మతొడుగులు చేయుట మొదలగు పనులు ఇచ్చిరి. ఒక నాయకుడు అన్నియు ఆజ్ఞాపించును; ఒకడు బాలురతో కలసి ఆలోచించి నిర్ణయించును; ఒకడు ఏమియు పట్టించుకొనక వారి యిచ్చకు విడిచిపెట్టును. ఆజ్ఞాపించు నాయకుడు ఎదుట నున్నంతసేపు పని సాగినది. అతడు బయటకు పోగానే సడలినది. కలసి ఆలోచించిన సంఘమున నాయకుడు లేనప్పుడును పని నడచినది. విడిచిపెట్టిన సంఘమున పనియు తక్కువ, నాణ్యమును తక్కువ. బాలానగరు సందులో ఒక్క పూటలో మేము చూచినదియు ఇదియే గదా అని మాకు ఆశ్చర్యము కలిగినది.

అయితే కలసి ఆలోచించుట ఒక్కటియే సర్వరోగనివారిణి కాదు. 1969లో హెర్సీ, బ్లాంచర్డ్ అను ఇరువురు అమెరికా పండితులు మఱియొక సంగతి చెప్పిరి. పనివాని అనుభవమును, ఉత్సాహమును బట్టి నాయకుని తీరు మాఱుచుండవలెనట. ఈ సిద్ధాంతమును అర్థము చేసికొనుటకు మనము ఏ గ్రంథమును తెఱువనక్కఱలేదు. కూతురికి వంట నేర్పిన తల్లిని తలచుకొనిన చాలును. మొదటి దినమున చేయి పట్టుకొని, ఇంత ఉప్పు, ఇంత పులుసు అని చెప్పును. కొన్నాళ్లకు ప్రక్కన నిలిచి, ఎందుకు అట్లు చేయవలెనో తెలుపును. పిమ్మట రుచి చూచి ఒక్క మాట యనును. కడపట వంటిల్లే అప్పగించును. మొదటి దినముననే అప్పగించిన అన్నము మాడును. పదేండ్ల తరువాతను చేయి విడువకున్న కూతురి మనసు మాడును.

మధ్యాహ్నము కూకట్‌పల్లి మీదుగా ప్రగతినగరు చేరువనున్న గాజులరామారమునకు పోయితిమి. 1993లో కన్నెగంటి రమాదేవి గారు మొదలగువారు స్థాపించిన అలీప్ అను మహిళా పారిశ్రామికవేత్తల సంఘము, అచ్చట స్త్రీల పరిశ్రమలకై ఒక వాడను నెలకొల్పినది. "గాజులు తొడిగికొని కూర్చున్నావా?" అని పిఱికివానిని ఎగతాళి చేయుట మన దేశమున ఆచారము. గాజులరామారమున గాజులు తొడిగిన చేతులే స్విచ్చిలు వేయుచున్నవి, బిల్లులు వ్రాయుచున్నవి, జీతములు పంచుచున్నవి. ఆ యెగతాళి మాట ఇంక ఎన్నాళ్లు చెల్లునో!

ఆ ప్రాంతముననే పొడులు, ఊరగాయలు చేయు ఒక శాలను చూచితిమి. యజమానురాలు వృత్తివిద్యలో ఆహార సంరక్షణము చదివినది. పదునలుగురు స్త్రీలు పని చేయుచున్నారు. మొదట్లో వారు ఉదయము పావుగంట, అరగంట ఆలస్యముగా వచ్చుచుండిరట. ఆమె జీతము కోసినది. ఫలితముగా అందఱిలోను నేర్పరులైన ఇద్దఱు మానివేసిరి. అప్పుడు ఆమె మిగిలినవారిని కూర్చుండబెట్టి, "నాకు ఎనిమిది గంటల పని కావలెను. నాలుగు గంటలకు సరకు బండి యెక్కవలెను. ఈ రెండును తప్పకుండ మీరే వేళలు ఏర్పఱచుకొనుడు" అని చెప్పినది. బడికి పోవు పిల్లలు గలవారు తొమ్మిదిన్నరకును, తక్కినవారు ఎనిమిదింటికిని వచ్చునట్లు వారే రెండు జట్టులైరి. ముందు వచ్చినవారు వేయించి దంచుదురు. వెనుక వచ్చినవారు పొట్లములు కట్టి, నాలుగింటి బండి పోయిన పిమ్మట మఱునాటి సరకు ఏర్పఱచి, శాల శుభ్రము చేసి పోవుదురు. ఆ యేర్పాటు మూడేండ్లుగా చెడలేదు.

కాని తడిని గుఱించి ఆమె చర్చకు ఒప్పుకొనదు. తడి చేయి, తడి గరిటె, కప్పని తల ఉన్నచో ఎంతటివారికైనను లోపలకు ప్రవేశము లేదు. మా వెంట వచ్చిన పెద్దావిడను సయితము తల కప్పుకొమ్మని వాకిటనే నిలిపిరి. ఆవకాయ పెట్టుదినమున మన యిండ్లలో అత్తగారు పాటించు నియమమే ఇది. కాయ యెవరు తరుగవలె, టెంకజీడి యెవరు తీయవలె అనునవి కోడండ్రు తమలో తాము పంచుకొందురు. జాడీలో తడి చేయి పెట్టుట మాత్రము ఎవరి యిష్టమునకును విడువరు. వేటిని పంచుకొనవచ్చునో, వేటిని పంచుకొనరాదో తెలిసి యుండుటయే నాయకత్వములో సగపాలు అని మాకు తోచినది.

అచ్చటి స్త్రీలు ఆమెను "అక్కా" అని పిలుచుచున్నారు. "అక్క అని పిలిచినంత మాత్రమున జీతము ఆలస్యమైనను ఊరకుందురా?" అని మేము పరిహాసమునకు అడిగితిమి. ఒకామె నవ్వుచు, "ఆదరము వేఱు, బాకీ వేఱండీ" అన్నది. నెల తిరుగగానే 5వ తేదీన అందఱకు జీతములు ఇచ్చి, మిగిలిననే యజమానురాలు తన భాగము తీసికొనునట. మిగులని నెలలును ఉన్నవట. చుట్టరికపు పిలుపులు మన దేశమున పనిచోట వెచ్చదనము కలిగించును. కాని ఆ పిలుపుల చాటున కూలి ఎగవేయువారును లేకపోలేదు. ఈమె లెక్కపుస్తకమును నెల కొకసారి అందఱ యెదుట తెఱచి చదువును. నూనె ఎంత ఒలికిపోవుచున్నదో అంకెలలో విన్న నాటి నుండి గానుగ నూనె డబ్బాలు బోర్లించి కడపటి చుక్క వఱకు వాడుచున్నారట.

సాయంకాలము అమీరుపేట మీదుగా యూసఫ్‌గూడకు వచ్చితిమి. అచ్చట చెట్ల నీడలో చిన్న పరిశ్రమల శిక్షణకై కేంద్ర ప్రభుత్వమువారు నెలకొల్పిన సంస్థ యున్నది. 1960లో ఢిల్లీలో ఆరంభమై, 1962లో హైదరాబాదునకు వచ్చి, సియెట్ అను పేరున ప్రసిద్ధి కెక్కినది. 2007 నుండి దానిని ఎన్ఐ-ఎంఎస్ఎంఈ అని వ్యవహరించుచున్నారు. విదేశీయులును వచ్చి ఇచ్చట శిక్షణ పొందుచుందురు. మా ప్రశ్నకు సమాధానము ఈ సంస్థ పాత చరిత్రలోనే కలదు.

1964లో డేవిడ్ మెక్లెలాండ్ అను అమెరికా మనశ్శాస్త్రవేత్త, కార్యసాధనము నందలి తపనను శిక్షణచే పెంపవచ్చునా అని పరీక్షింప సంకల్పించెను. ఆ పరీక్షకు ఎన్నుకొన్నది మన కాకినాడ పట్టణము. అచ్చటి వ్యాపారస్థులు 52 మంది జట్టులుగా హైదరాబాదు వచ్చి, ఈ సంస్థలో పదేసి దినములు శిక్షణ పొందిరి. మెక్లెలాండు గారికి ప్రియమైన ఆట యొకటి కలదు. నేలపై మేకు పాతి, దూరము నుండి వలయములు విసరి దానిలో పడునట్లు చేయవలెను. ఎంత దూరమున నిలుచుట అనునది ఆడువారి యిష్టము. కొందఱు మేకు చెంతనే నిలిచి సులభముగా గెలుతురు. కొందఱు బహుదూరము పోయి అదృష్టముపై భారము వేయుదురు. కార్యసాధకులు ఈ రెండును గాక, కష్టపడిన అందు దూరమున నిలుతురని ఆయన కనుగొనెను. చిన్న పరిశ్రమకు అప్పు తెచ్చుటయు, క్రొత్త యంత్రము కొనుటయు ఇట్టి దూరమును కొలుచుటయే గదా!

ఆ కాకినాడ ప్రయోగపు ఫలితములను ఆయనయు, డేవిడ్ వింటర్ అను సహచరుడును 1969లో గ్రంథముగా ప్రకటించిరి. శిక్షణ పొందినవారు పొందనివారి కంటె వ్యాపారమున ఎక్కువ చొఱవ చూపిరి. ఎక్కువసేపు పని చేసిరి. క్రొత్త యత్నములకు పూనుకొనిరి. కులమును బట్టి గాని, పూర్వాచారములు పాటించుటను బట్టి గాని ఈ ఫలితము మాఱలేదు. పంచె కట్టినను, బొట్టు పెట్టినను, సంకల్పము కుదిరినవాడు ముందునకు సాగెను. కార్యదీక్ష పుట్టుకతోనే రావలెనను మాటకు ఇది గట్టి యుత్తరము. శిక్షణచే దీక్ష పెరిగినప్పుడు, పదిమందితో పని చేయించు నేర్పు అభ్యాసముచే ఏల అబ్బదు?

అయినను ఒక హద్దు చెప్పక తప్పదు. శాలలోపల ఎంత చక్కని నాయకత్వము ఉన్నను, సరకు కొన్నవారు డబ్బు ఇయ్యకున్న ఆ శాల నిలువదు. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టము ప్రకారము, సరకు అందుకొన్న కొనుగోలుదారు 45 దినములకు మించి గడువు పెట్టుకొనరాదు. మించినచో రిజర్వు బ్యాంకు ప్రకటించిన రేటుకు మూడు రెట్ల వడ్డీ చెల్లింపవలెను. ఈ రక్షణ పొందుటకు ఉద్యమ్ నమోదు చేయించుకొనుట మేలు. ఈ నమోదు 2020 జూలై 1వ తేదీ నుండి అమలులో నున్నది, రుసుము లేదు. పైకము అడుగుటకు మన యువతులు మొగమాటపడుదురు. "పెద్దవారు, ఎట్లు అడుగుదుము?" అందురు. పదునలుగురి జీతములు తన మాటపై ఆధారపడి యున్నప్పుడు మొగమాటము సుగుణము కాదు. ఆ ప్రెస్సుశాల యువతి బాకీదారులకు ప్రతి సోమవారము ఫోను చేయుననియు, గొంతు పెంచదనియు, ఒక్క వారమైనను మానదనియు చెప్పినది. ఆ అప్పులో సగము ఇప్పటికి తీరినదట. తెలంగాణమున స్త్రీల వ్యాపారములకు తోడ్పడుటకై 2018లో ఏర్పడిన వీ-హబ్ వంటి సంస్థలను ఆశ్రయించుటయు మేలు.

ఈ వాడలను చూడగోరు సోదరీమణులకు రెండు మాటలు. శాలల యజమానులకు ముందుగా తెలిపి పొండు. పని నడుచు వేళ యంత్రముల చెంతకు చెంగులు, పైటలు వ్రేలాడవిడిచి పోవలదు. వదులు జడలు చుట్టుకొనుడు. చదువుకొను బాలికలు ఇంట నున్నచో వెంట తీసికొని పొండు. యంత్రమును వారు చూతురు. యంత్రము చుట్టును ఉన్న మనుష్యులను మీరు చూపుడు. ఎవరు ఎవరితో ఎట్లు మాటలాడుచున్నారో, ఎవరి మాట ఎందుకు చెల్లుచున్నదో గమనింపుమని చెప్పుడు.

ఇంటి వద్దను ఈ యభ్యాసమునకు తావు కలదు. శుభకార్యము వచ్చినప్పుడు వంటవారితో, పందిరివారితో మాటలాడి, వేళకు పని చేయించి, లెక్క తీర్చు బాధ్యతను డిప్లొమా చదివిన పిల్లకు అప్పగించి చూడుడు. తప్పులు చేయును, చేయనిండు. వంటవారు "మీ నాన్నగారిని పిలువుమమ్మా" అన్నప్పుడు తండ్రి లోపలనే యుండిన మంచిది. పెద్దవారికి చెప్పవలసిన చోట చెప్పుట, అడుగవలసిన చోట అడుగుట ఆ నాలుగు దినములలో కొంత తెలియును. పిమ్మట పెట్టె అడుగున నున్న ఆ పట్టాను పైకి తీయించి, ఏమి పెట్టదలచితివి, ఎందఱు కావలెను, మొదటి యేడు అప్పు ఎంత తేగలవు అని అడుగుడు. వలయములాటలో వలె మఱీ దగ్గఱయు మఱీ దూరమును గాని చోటు ఎచ్చటనో ఆమెనే కొలిచి చెప్పనిండు.